ఆసక్తి వుంది సరే, ఇంగ్లీషులో చెప్పేదెట్లా?

అవుకు : ఈ వూరి పేరును ఇంగ్లీషులో మూడే అక్షరాలతో వ్రాస్తారు. ఓ, డబ్ల్యూ, కె. కొత్తవాళ్లు చూసి ‘ఔక్’ అని చదువుతారు. తెల్లదొరల నాడు వాళ్ల చెవికి సోకినట్లు వ్రాసుకున్న పేరు అట్లాగే నిలిచిపోయింది. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు ప్రాంతాల రాతిపొరల గూర్చి పెద్ద గ్రంథం వ్రాశాడు. అప్పటి నుంచి ఇక్కడి ఒక రాతిపొరకు శాస్త్రగ్రంథాలలో ‘ఔక్ షేల్’ అనే పేరు స్థిరపడింది.

మన వూరి పేరును వాళ్లు తప్పుగా వ్రాస్తే అదే ఒప్పయి కూర్చుంది. వాళ్ల మాటను మనం తప్పుగా వ్రాస్తే మాత్రం దరఖాస్తు పక్కకు పోతుంది. ఇదేం న్యాయం అని అడగవచ్చు. అడిగినందువల్ల ఉద్యోగం రాదు గనుక, ఆ తప్పు ఎక్కడ దొర్లుతున్నదో చూడడం మేలు.

నాపబండల గనులు, పాలిషింగు యూనిట్లు, కొలిమిగుండ్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, నంద్యాలలో షోరూములు, ఇంకా దూరం పోదలచుకుంటే హైదరాబాదు, బెంగుళూరు. ఈ వైపు గ్రామాలలో డిగ్రీ, డిప్లొమా ముగించిన పిల్లలు ఎక్కడికి దరఖాస్తు పంపినా అందులో తప్పకుండా వుండే వాక్యం ఒకటుంది. “ఈ వుద్యోగంలో చేరడానికి నాకు ఆసక్తి వుంది.” తెలుగులో దీనిని వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇంగ్లీషులోకి దిగేసరికి మాత్రం ఇది రకరకాల వేషాలు వేస్తుంది. ‘ఐ యామ్ ఇంట్రెస్టింగ్ ఇన్ దిస్ జాబ్’ అని ఒకరు. ‘ఐ యామ్ హావింగ్ ఇంట్రెస్ట్’ అని మరొకరు. ‘ఐ ఇంట్రెస్టెడ్’ అని యింకొకరు. ‘ఇంట్రెస్టెడ్ ఆన్’ అని వ్రాసేవాళ్లూ వున్నారు.

ఈ వ్యాసకర్త కూడా ఆ కోవలోని వాడే. చదువు ముగిసిన కొత్తలో పట్నంలో ఒక ఆఫీసులో ఇంటర్వ్యూకు పోయి, కుర్చీ అంచున కూర్చుని, ‘సర్, ఐ యామ్ వెరీ ఇంట్రెస్టింగ్’ అని గట్టిగా చెప్పినవాడు. బల్ల అవతలి పెద్దమనిషి కళ్లద్దాలు సర్దుకుని, “అది మేము చెప్పాలి నాయనా” అన్నాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. ఆ మాటలోని చమత్కారం తిరుగు బస్సులో గాని బోధపడలేదు. ఉద్యోగం రాలేదని వేరే చెప్పనక్కర లేదు.

మీరు మిషనా, బండా?

ఈ చిక్కును విప్పడానికి వ్యాకరణ పుస్తకం అక్కర లేదు. ఏ పాలిషింగు యూనిట్ ముందు నిలబడ్డా చాలు. అక్కడ తిరిగేది పాలిషింగ్ మిషన్. లారీకి ఎక్కేది పాలిష్డ్ బండ. పనిచేసేది ‘ఇంగ్’. ఆ పని తన మీద జరిగించుకున్నది ‘ఎడ్’. పాలిష్డ్ మిషన్ అని గాని, పాలిషింగ్ బండ అని గాని ఏ కూలీ అనడు. అక్షరం ముక్క రానివాళ్లు కూడా ఈ రెంటినీ పొరపాటున మార్చి పలకరు.

ఇంట్రెస్టు సంగతీ అంతే. ఆసక్తిని పుట్టించేది ‘ఇంట్రెస్టింగ్’. ఆసక్తి పుట్టినవాడు ‘ఇంట్రెస్టెడ్’. ఉద్యోగం మీలో ఆసక్తి పుట్టించింది. కాబట్టి ఉద్యోగం మిషన్, మీరు బండ. ‘ది జాబ్ ఈజ్ ఇంట్రెస్టింగ్. ఐ యామ్ ఇంట్రెస్టెడ్.’ అట్లా గాక ‘ఐ యామ్ ఇంట్రెస్టింగ్’ అంటే ఇంగ్లీషు వాక్యంగా అందులో తప్పేమీ లేదు. కాని దాని అర్థం “నేను చాలా ఆసక్తికరమైన మనిషిని, నన్ను చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది” అని. ఉద్యోగం అడగబోయి తన గొప్ప తాను చెప్పుకున్నట్లయింది. పట్నం పెద్దమనిషి అన్నది ఇదే.

ఈ ఒక్కటి పట్టుబడితే మిగతా జంటలన్నీ దారికి వస్తాయి. పాఠం ‘బోరింగ్’, విద్యార్థి ‘బోర్డ్’. ప్రయాణం ‘టైరింగ్’, ప్రయాణికుడు ‘టైర్డ్’. లెక్క ‘కన్‌ఫ్యూజింగ్’, దాని ముందు తల గోక్కునేవాడు ‘కన్‌ఫ్యూజ్డ్’. బండలతో పరిచయం లేని వూళ్లలో తేలును తలచుకున్నా సరిపోతుంది. కుట్టే తేలు ‘ఇంగ్’, కుట్టించుకున్న మనిషి ‘ఎడ్’.

తప్పుకు మూలం తెలివితక్కువతనం కాదు

ఇంత చిన్న విషయం ఇన్నేళ్లు చదివినా ఎందుకు రాదని తల్లిదండ్రులు కోప్పడుతుంటారు. పిల్లలను ఆడిపోసుకోవలసిన పని లేదు. మన భాష నడక వేరు, ఆ భాష నడక వేరు. పిల్లవాడు చేసే తప్పు మన తెలుగు వ్యాకరణాన్ని తుచ తప్పకుండా పాటించడం వల్ల వచ్చిన తప్పు.

తెలుగులో మన మనసుకు, వంటికి సంబంధించినవన్నీ మన దగ్గరకు నడిచి వస్తాయి. నాకు ఆకలి వేస్తుంది. నాకు జ్వరం వచ్చింది. నాకు కోపం వచ్చింది. నాకు తెలుసు, నాకు ఇష్టం, నాకు ఆసక్తి. అన్నిచోట్లా ‘నాకు’. ఆసక్తి అనేది చుట్టం వచ్చినట్లు వచ్చి వుంటుంది, మనం అరుగు మీద కూర్చుని వుంటాము. ఇంగ్లీషులో అట్లా కాదు. ‘ఐ’ అనే మనిషి ముందు నిలబడాలి. ఐ యామ్ హంగ్రీ, ఐ యామ్ యాంగ్రీ, ఐ యామ్ ఇంట్రెస్టెడ్. నాకు కలిగినదాన్ని నేను అయివున్న స్థితిగా మార్చి చెప్పాలి. ‘నాకు’ను ‘ఐ’ చేసే ఈ మలుపు దగ్గరే బండి బోల్తా పడుతున్నది.

తెల్లవాళ్లు తెలుగు నేర్చుకునేటప్పుడు ఇదే మలుపులో ఎదురు దిక్కు నుంచి వచ్చి పడతారు. ‘ఐ వాంట్’ను మాటకు మాట తెలుగు చేసి ‘నేను కావాలి’ అంటారు. ‘నాకు కావాలి’ అనడానికి ఎంతకాలమో పడుతుంది. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌను దొర అక్కడే తెలుగు మీద మక్కువ పెంచుకున్నాడు. కోయిలకుంట్ల తాలూకా అప్పట్లో కడప జిల్లాలోనే వుండేది, 1858లో గాని కర్నూలు జిల్లాలో కలవలేదు. అంటే మన పెద్దల తెలుగు కూడా ఆయన ఏలుబడి తెలుగే. పండితులను పెట్టుకుని నేర్చుకున్న ఆయన 1840లో తెలుగు వ్యాకరణాన్ని, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును అచ్చు వేయించగలిగాడు. నడమ ఎన్నేళ్లు గడిచాయో లెక్క చూస్తే, మన పిల్లలు ఇంటర్వ్యూ గదిలో తడబడడం వింతగా తోచదు.

‘ఐ ఇంట్రెస్టెడ్’ అనేవాళ్ల కథ వేరు. తెలుగులో “నేను రైతును” అంటాము. రెండు మాటలతో వాక్యం పూర్తి. ఇంగ్లీషులో నడుమ ‘యామ్’ అనే మేకు కొట్టకపోతే వాక్యం నిలబడదు. మన భాషకు ఆ మేకు అవసరం లేదు గనుక చేతికి గుర్తు రాదు.

ఇక ‘ఐ యామ్ హావింగ్ ఇంట్రెస్ట్’. ఇది మన దేశమంతటా వినిపించే తప్పు. ఆఫీసర్లు కూడా అంటుంటారు. దీనికి మందు మాత్రం తెలుగులోనే వుంది. ‘నాకు తెలుసు’ అంటాము గాని ‘నేను తెలుస్తున్నాను’ అనము గదా! ‘నాకు ఇద్దరు కొడుకులు వున్నారు’ అంటాము గాని ‘వుంటున్నారు’ అంటే అర్థం మారిపోతుంది. కొన్ని సంగతులు జరుగుతూ వుండేవి కావు, వుండేవి. ఇంగ్లీషులోనూ ఆ రకం మాటలకు ‘ఇంగ్’ తగిలించరు. ఐ నో తెలుగు. ఐ హావ్ టూ సన్స్. ఐ హావ్ ఎన్ ఇంట్రెస్ట్ ఇన్ మెకానిక్స్. ఇక్కడ మన చెవిని మనం నమ్ముకుంటే చాలు.

చివరిది, ఆ చిన్న ముక్క ‘ఇన్’. తెలుగులో చదువు మీద ఆసక్తి అంటాము, సంగీతంలో ఆసక్తి అంటాము, సేద్యం పట్ల ఆసక్తి అంటాము. మూడూ ఒప్పే. ఆ ‘మీద’ నుంచి ‘ఇంట్రెస్టెడ్ ఆన్’, ఆ ‘పట్ల’ నుంచి ‘ఇంట్రెస్టెడ్ టువర్డ్స్’ పుట్టుకొచ్చాయి. ఇంగ్లీషుకు మాత్రం ఒకటే గతి, ‘ఇన్’. దాని తర్వాత పని పేరు వస్తే ‘ఇంగ్’ చేర్చాలి. ఇంట్రెస్టెడ్ ఇన్ వర్కింగ్, ఇంట్రెస్టెడ్ ఇన్ లెర్నింగ్. ‘ఇంట్రెస్టెడ్ టు జాయిన్’ అనేది మన దేశంలో ధారాళంగా నడుస్తున్నది, అర్థం కాకపోవడం వుండదు. అయినా దరఖాస్తులో ‘ఇంట్రెస్టెడ్ ఇన్ జాయినింగ్’ అన్నదే నిక్కచ్చి.

దరఖాస్తులో ఏమి వ్రాయాలి?

నిజానికి ఉద్యోగం అడిగేవాడు ఆసక్తి వున్నదని చెప్పుకోవడం అంత అవసరం కూడా కాదు. ఆసక్తి లేనివాడు కాగితం ఎందుకు పంపుతాడు? అందుకని మొదటి వాక్యం సూటిగా వుండాలి. ‘ఐ యామ్ రైటింగ్ టు అప్లై ఫర్ ది పోస్ట్ ఆఫ్ ఎలక్ట్రీషియన్.’ ఇందులో జారిపడే చోటు లేదు. ఆ తర్వాత ఆసక్తికి కారణం చెప్పాలి. ‘ఐ యామ్ ఇంట్రెస్టెడ్ ఇన్ దిస్ వర్క్ బికాజ్ ఐ హావ్ రిపేర్డ్ పంప్ మోటార్స్ ఫర్ టూ ఇయర్స్.’ రెండేళ్లుగా బోరు మోటార్లు బాగుచేస్తున్నానని. ఈ రెండో సగమే అసలు సరుకు. ‘వెరీ వెరీ ఇంట్రెస్టెడ్’ అని పది సార్లు వ్రాసినా ఆ మోటార్ల మాటకు సాటి రాదు.

‘నాకు’ అనే నడకను వదలలేని వాళ్లకు ఇంగ్లీషులోనే ఒక పక్కదారి వున్నది. ‘దిస్ వర్క్ ఇంట్రెస్ట్స్ మీ.’ ఈ పని నాకు ఆసక్తి కలిగిస్తున్నది అని. ఇందులో ‘యామ్’ లేదు, ‘ఇంగ్’ లేదు, ‘ఎడ్’ లేదు. తెలుగుకు అతి దగ్గర వాక్యం. బడులలో దీనిని ముందుగా ఎందుకు నేర్పరో అర్థం కాదు.

ఫోనులో అప్పు యిస్తామని పిలిచేవాళ్లు ‘ఆర్ యూ ఇంట్రెస్టెడ్, సర్?’ అంటారు. వద్దనుకుంటే ‘నో, థాంక్యూ’ చాలు. ‘ఐ యామ్ నాట్ ఇంట్రెస్టింగ్’ అంటే తనను తానే తీసిపారేసుకున్నట్లు.

వడ్డీ కూడా అదే మాట

మన పెద్దలకు ఇంట్రెస్టు అనగానే తెలిసేది వడ్డీ. మనవడు “తాతా, నాకు ఆ కంపెనీలో ఇంట్రెస్టు వుంది” అంటే, తాత “నూటికెంత నాయనా?” అని అడిగాడని హాస్యానికి చెప్పుకోవచ్చు. తాత తప్పేమీ లేదు. రెండూ ఒకే మాట. లాటిన్ భాషలో దాని మూలార్థం ‘నడుమ వుండడం’. ఒక వ్యవహారంలో నాకూ పాలు వుంది, అందులో నష్టమైతే నాకూ తగులుతుంది అనే భావం దానిలో వున్నది. పూర్వం ఐరోపాలో అప్పు ఆలస్యమైతే కలిగిన నష్టానికి కట్టే పరిహారాన్ని ఆ మాటతో పిలిచారు. అదే రానురాను వడ్డీ అయింది. మనసుకు కలిగే ఆసక్తి ఆ మాటకు తర్వాత వచ్చిన అర్థం.

ఆ పాత అర్థం ఇంకా బతికే వుంది. కోర్టులో ‘ఇంట్రెస్టెడ్ విట్‌నెస్’ అంటే ఉత్సాహంగా సాక్ష్యం చెప్పేవాడు కాదు, తీర్పు వల్ల తనకు లాభమో నష్టమో వున్న సాక్షి. ఏ పాలూ లేని మధ్యస్థుడు ‘డిసింట్రెస్టెడ్’. అసలు పట్టించుకోనివాడు ‘అనింట్రెస్టెడ్’. ఊళ్లో పంచాయితీ చెప్పే పెద్దమనిషి మొదటి రకం అయివుండాలి గాని రెండో రకం కాకూడదు.

ఇంతవరకు చెప్పింది ఉద్యోగాల మాట. తప్పు దొర్లితే పోయేది ఒక ఇంటర్వ్యూ. ఈ పాత అర్థం తెలియకపోతే మాత్రం పోయేది భూమికి రావలసిన సొమ్ము.

నోటీసులో అదే మాట

శ్రీశైలం కుడి కాలువ, అవుకు జలాశయం, గాలేరు–నగరి వరద కాలువ, సొరంగాలు. ఈ ప్రాంతం రైతులకు భూసేకరణ అనే మాట కొత్త కాదు. 2013 వరకు దేశంలో ప్రభుత్వం భూములు తీసుకున్నది 1894 నాటి భూసేకరణ చట్టం కింద. ఆ చట్టంలో అడుగడుగునా కనిపించే మాట ‘పర్సన్ ఇంట్రెస్టెడ్’. తొమ్మిదో సెక్షను కింద కలెక్టరు నోటీసు యిచ్చేది ఈ ‘పర్సన్స్ ఇంట్రెస్టెడ్’కే. ఫలానా తేదీన వచ్చి భూమిలో తమ ఇంట్రెస్టు ఏమిటో, పరిహారం ఎంత కోరుతున్నారో చెప్పుకోవలెనని దాని సారాంశం.

దీనిని మక్కీకి మక్కీ తెలుగు చేస్తే ‘ఆసక్తిగల వ్యక్తులు’ అవుతుంది. ఇల్లు గడిచే భూమిని కాలువకు వదులుకోవడానికి ఏ రైతుకు ఆసక్తి వుంటుంది? “నాకు యిష్టం లేదు, నేనెందుకు పోవాలి?” అని ఇంట్లో కూర్చుంటే అతని తప్పు అనగలమా? అక్కడ ‘ఇంట్రెస్టెడ్’ అంటే యిష్టమున్నవాడు కాదు. పరిహారంలో నాకు హక్కున్నదని చెప్పుకునేవాడు. యిష్టం లేనివాడే ముందుగా పోయి చెప్పుకోవలసిన చోటు అది.

ఊరికే ఇంట్లో కూర్చుంటే ఏమయ్యేదో కూడా చెప్పాలి. 1984లో చట్టాన్ని సవరించే వరకు, నోటీసు అందిన తర్వాత తగిన కారణం లేకుండా తన కోరిక చెప్పుకోనివాడు కోర్టుకు పోయినా కలెక్టరు కట్టిన ధరకు మించి పైసా వచ్చేది కాదు. ఒక్క మాటకు అర్థం తెలియనందుకు అంత శిక్ష. 1984 సవరణ ఆ అడ్డును తీసివేసింది.

2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త భూసేకరణ చట్టంలోనూ ‘పర్సన్ ఇంట్రెస్టెడ్’ అలాగే వున్నది. అయితే ఈసారి దాని గొడుగు పెద్దది. పట్టాదారు ఒక్కడే కాదు. రాష్ట్ర చట్టాల కింద కౌలు హక్కులున్నవారు, ఆ భూమిపై దారి హక్కులాంటిది వున్నవారు, అటవీ హక్కులు పోగొట్టుకునే గిరిజనులు, ఆ భూమి పోతే ప్రధాన జీవనాధారం దెబ్బ తినే అవకాశం వున్నవారు కూడా అందులోకి వస్తారు. సెంటు భూమి లేని కూలీ కూడా ఈ చట్టం భాషలో ‘ఇంట్రెస్టెడ్’ కావచ్చునన్న మాట. ఇది తెలిసిన కూలీలు ఎందరున్నారు?

నోటీసు అందినవారు, అందకపోయినా సంబంధం వున్నవారు, నోరు తెరిచి చెప్పడం కాక కాగితం మీద పెట్టాలి. ఇంగ్లీషులోనే వ్రాయాలన్న భయం వద్దు. తెలుగు 1966 చట్టం ద్వారా రాష్ట్ర అధికార భాష అయింది. “ఈ భూమిలో నాకు ఫలానా హక్కు వుంది, పరిహారంలో నాకు భాగం రావాలి” అని తెలుగులో వ్రాసి యిచ్చి, నకలు మీద అందినట్లు ముద్ర వేయించుకోవడం మరవరాదు. ఇంగ్లీషులోనే వ్రాయదలిస్తే ‘ఐ యామ్ ఎ పర్సన్ ఇంట్రెస్టెడ్ ఇన్ దిస్ ల్యాండ్’ అనాలి. ఇక్కడ ‘ఇంట్రెస్టింగ్’ అని వ్రాస్తే నవ్వుకుంటారు. ‘నాట్ ఇంట్రెస్టెడ్’ అని వ్రాస్తే మాత్రం నవ్వులాట కాదు, హక్కు లేదని మన చేతితో మనమే వ్రాసి యిచ్చినట్లు అర్థం తీసే ప్రమాదం వున్నది.

ధర చాలదనుకున్నవారికి యింకొక మాట. డబ్బు తీసుకునేటప్పుడు ‘అండర్ ప్రొటెస్ట్’ అని, లేదా “అభ్యంతరంతో తీసుకుంటున్నాను” అని తెలుగులో వ్రాసి సంతకం పెట్టాలి. పాత చట్టంలోనూ, కొత్త చట్టంలోనూ ఈ వీలు వున్నది. ఏ అభ్యంతరం లేకుండా సొమ్ము పుచ్చుకున్నవాడు ఆ తర్వాత పెంచమని అడగడానికి దారి మూసుకుపోతుంది. అడగడానికి గడువులు కూడా తక్కువ, వారాల లెక్క. నోటీసు చేతికి రాగానే తెలిసిన వకీలుకు చూపించడం ఉత్తమం.

దరఖాస్తు ఉద్యోగానికైనా, భూమికైనా, చిరునామా దగ్గర మరొక తిరకాసు కాచుకుని వుంటుంది. అవుకును ఓ, డబ్ల్యూ, కె అని వ్రాసేవారున్నారు, పలికినట్లే ‘ఏ, వి, యు, కె, యు’ అని వ్రాసేవారూ వున్నారు. 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా నంద్యాల అయింది, పాత సర్టిఫికెట్లలో కర్నూలు అనే వుంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో, పట్టాదారు పాసుపుస్తకంలో ఎట్లా వున్నదో ముందుగా మూడూ పక్కపక్కన పెట్టి చూసుకుని, తేడా వుంటే కవరు అంటించక ముందే దిద్దించుకోవాలి.